సాత్ నంబర్, సున్నా

పోయిన నెల నాన్నకి దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించడానికి ఘాజియాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసిన మనిషి ఆయన. ఇప్పుడు తాను వెళ్ళి యంత్రం ముందు చొక్కా విప్పి నిలబడాల్సి రావడం ఆయనకి ఏమీ నచ్చలేదు. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి హిందీలో ఊపిరి పీల్చమని, బిగబట్టమని, వదలమని చెప్పడం బయట బెంచీ మీద కూర్చున్న నాకు వినిపించింది. నాన్న గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, "అదేం పద్ధతమ్మా? మనిషి నిజంగా బిగబట్టాడో లేదో చూడకుండానే వదిలెయ్యమంటోంది" అన్నారు. ఆటో ఎక్కాక, "నా సర్వీసు మొత్తంలో కదలకుండా నిలబడ్డవాడంటే ఆ సుబేదారొక్కడే" అన్నారు. ఆ మాట వినగానే నా అరచేతులకి చెమట పట్టింది. ఇన్నేళ్ళు గడిచాయి, నా దగ్గర పాఠాలు విన్న పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, అయినా ఆ పేరెత్తితే నాకు ఇప్పటికీ అంతే.

నా పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టిన పాస్టరుగారు నన్ను పదహారేళ్ళప్పుడు చూసి ఉంటే సిగ్గుపడి వెనక్కి తీసుకునేవారు. అమ్మ స్టాఫ్ నర్సు, నాన్నది ఎక్స్‌రే గది. ఇద్దరివీ వేళాపాళా లేని డ్యూటీలు కావడంతో నేను పదో తరగతి దాకా నరసాపురం దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. ఆ తర్వాతే ఢిల్లీ ఆర్.కె. పురంలోని రెండు గదుల క్వార్టరుకి వచ్చాను. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. అమ్మ యూనిఫారాలకి గంజి కాచే వాసన, వాటిమీద డెట్టాల్ వాసన, చలికాలంలో పక్కవాళ్ళు తిట్టుకోకుండా కిటికీలన్నీ మూసి వేయించే ఎండురొయ్యల వాసన. వంటింటి గోడకి మేకు కొట్టి అమ్మ డ్యూటీ చార్టు తగిలించి ఉండేది. మేం ముగ్గురం ఒకే పూట కూర్చుని అన్నం తినే రోజులు అందులో చూసుకుంటేగానీ తెలిసేవి కావు. వంటింటి కిటికీకి పగిలిపోయిన అద్దం స్థానంలో నాన్న పనికిరాని ఎక్స్‌రే ఫిల్మొకటి అతికించారు. పొద్దున ఎండ పడినప్పుడు స్టవ్ మీద ఎవరివో పక్కటెముకలు కనిపించేవి. అమ్మ వాటిని చూస్తూనే పోపు పెట్టేది. నేను మాత్రం ఆ మనిషి బతికే ఉన్నాడా అని ప్రతిరోజూ బెంగపడేదాన్ని.

అన్నిటికీ బెంగే. బడిలో అందరూ గడగడా హిందీ మాట్లాడేవారు. నాకు వచ్చిన హిందీ పరీక్ష రాయడానికి పనికొచ్చేది, మాట్లాడడానికి కాదు. నోరు తెరిస్తే నవ్వుతారేమోనన్న భయం మెల్లగా చేతుల్లోకి దిగింది. కెమిస్ట్రీ లాబ్‌లో బ్యూరెట్ పట్టుకుంటే వణుకు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చినవాళ్ళకి టీ ఇవ్వబోతే కప్పులు సాసర్లలో టకటకలాడేవి. డాక్టరు చూసి నరాల జబ్బేమీ లేదు, భయం తప్ప అన్నాడు. అమ్మకి అదే పెద్ద జబ్బులా తోచింది. నన్ను నర్సింగ్‌లో చేర్చాలని ఆమె ఎప్పుడో నిర్ణయించేసుకుంది. "చెయ్యి వణికేదానికి ఎవడు సూది ఇవ్వనిస్తాడే?" అనేది, నా మణికట్టు పట్టుకుని గడియారం చూసుకుంటూ నాడి లెక్కపెడుతూ.

ఆ రోజుల్లోనే సైన్యం నుంచి రిటైరైన ఒక సుబేదారు నాన్న దగ్గరికి ఛాతీ ఎక్స్‌రేకి వచ్చాడట. హర్యానా మనిషి, ఆరడుగులు. ఊపిరి బిగబట్టమంటే గోడలో కలిసిపోయినట్టు నిలబడ్డాడట. ఫిల్ము అంత స్పష్టంగా రావడం నాన్న ఎప్పుడూ చూడలేదు. ఏం చేస్తుంటారని అడిగితే, ఒక క్లబ్బులో కొత్తవాళ్ళకి పిస్టల్ షూటింగ్ నేర్పుతానన్నాడట. నాన్న ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "మన పిల్లని అక్కడ వేద్దాం" అన్నారు.

"ఆడపిల్ల చేతికి తుపాకీ ఇస్తారా? మీకు మతి ఉందా?" అంది అమ్మ.

"తుపాకీ కాదు, గాలి పిస్టలు. అట్టకి కన్నం పడుద్దంతే. చెయ్యి కుదురుద్దంట."

"చర్చిలో ఏమని చెప్పను?"

"కుట్టుపని నేర్చుకుంటోందని చెప్పు."

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఆరు నెలలు. చెయ్యి కుదిరితే సరే, కుదరకపోతే మానెయ్యాలి" అంది. నేను నా అభిప్రాయం చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు కూడా.

క్లబ్బు రేంజి పొడుగాటి రేకుల షెడ్డు. ఒక చివర వరసగా బల్లలు, పది మీటర్ల అవతల అరచేయంత నల్లటి చుక్క ఉన్న అట్టలు. మీట నొక్కితే చిన్న మోటారు తీగమీద ఆ అట్టని గరగరమంటూ మన దగ్గరికి లాక్కొచ్చేది. అప్పుడు చూసుకోవాలి, కన్నం ఎక్కడ పడిందో. సుబేదారుగారు మొదటి నెలంతా పెల్లెట్ అనే ఆ చిన్న సీసపు గుండు ఒక్కటీ ఇవ్వలేదు. తెల్ల గోడకి ఎదురుగా ఖాళీ పిస్టల్ చాపి నిలబడమన్నారు. నా చెయ్యి వణకడం చూసి నవ్వుతారనుకుని చచ్చిపోయాను. ఆయన పక్కకొచ్చి తన చెయ్యి చాపి, పిస్టల్ కొసని చూడమన్నారు. అది కూడా మెల్లగా ఊగుతోంది. "సబ్‌కా హిల్తా హై, ఛోరీ. హిల్‌నే దే" అన్నారు. అందరిదీ కదులుతుంది పిల్లా, కదలనివ్వు, ఆ కదలికలోనే మెల్లగా నొక్కు అని. ఢిల్లీ వచ్చాక నాకు అర్థమైన మొదటి హిందీ మాట అదేననిపించింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఏడ్చాను, సంతోషంతో.

ఇక ఆ చోటు అంటే నాకు ప్రాణమైపోయింది. అక్కడ మాట్లాడనక్కర్లేదు. ఒకరి పక్కన ఒకరం నిలబడి గంటసేపు నోరు మెదపకుండా ఉంటే దాన్ని తప్పుగా కాక క్రమశిక్షణగా చూసేవారు. కానీ క్లబ్బులో ఒక నియమం ఉంది. కొత్తవాళ్ళకి ఉన్నవి ఎనిమిది చోట్లే, క్లబ్బువే ఎనిమిది పాత పిస్టళ్ళు. ఆరు నెలలయ్యాక క్లబ్బు పోటీలో ఆడపిల్లలకి నలభై గుళ్ళు, నాలుగు వందల పాయింట్లు. మూడు వందలు దాటినవాళ్ళు ఉంటారు. దాటనివాళ్ళు తమ చోటు వెయిటింగ్ లిస్టులో ముందున్నవాళ్ళకి వదిలెయ్యాలి. ఆ లిస్టు తలుపు పక్కనే అంటించి ఉండేది. లోపలికి వెళ్ళేటప్పుడల్లా నేను దాన్ని చూడకుండా తల తిప్పుకునేదాన్ని. ప్రాక్టీసులో నాకు ఒక రోజు మూడు వందల పది వస్తే మర్నాడు రెండు వందల ఎనభై వచ్చేది. పోటీ ఇంకా నెల ఉందనగా తిండి సయించడం మానేసింది. నాన్నకి తెలిసిన వైద్యం ఒకటే. రోజూ సాయంత్రం వరండాలో నన్ను నిలబెట్టి, ఆసుపత్రిలో పేషంట్లకి చెప్పినట్టే, "సాఁస్ లో... రోకో..." అని చెప్పి ఊపిరి బిగబట్టించేవారు. ఒక్కోసారి వదలమని "ఛోడో" అనడం మర్చిపోయి పేపర్లో పడిపోయేవారు. నేను మొహం ఎర్రబడేదాకా అలాగే నిలబడేదాన్ని.

పోటీ ఆదివారం పడింది. నాన్నకి డ్యూటీ. అమ్మ చర్చి మానుకుని నాతో బయల్దేరింది, అదీ పొద్దున తలుపు వేసుకుని చాలాసేపు ప్రార్థన చేశాక. బస్సులో కూర్చున్నంతసేపూ నా వేళ్ళు ఒళ్ళో వాటంతటవే ఆడుతుంటే అమ్మ పైన తన పర్సు పెట్టి కప్పింది. రేంజి దగ్గర తన సంచిలోంచి ఆసుపత్రి దూది తీసి రెండు ఉండలు చేసి నా చెవుల్లో కుక్కింది. పక్కవాళ్ళ చప్పుడు వింటే నాకు గుండె దడ అని ఆమెకి తెలుసు. చూడ్డానికి వచ్చినవాళ్ళు బయట వసారాలోనే ఉండాలన్నారు. అమ్మ అక్కడ సిమెంటు అరుగు మీద కూర్చుంది. నాకు ఏడో నంబరు బల్ల వచ్చింది.

టైము గంటంబావు. మొదటి పది గుళ్ళు ఎలా కొట్టానో నాకు తెలియదు. మీట లాగి గాలి నింపుకోవడం, పెల్లెట్ పెట్టడం, చెయ్యెత్తడం, ఊపిరి బిగబట్టడం, నొక్కడం. అట్ట దగ్గరికొస్తే చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఏడు, ఎనిమిది, ఆరు, మళ్ళీ ఎనిమిది. మనసులో కూడుకోకూడదని సుబేదారుగారు వందసార్లు చెప్పారు, అయినా కూడుతూనే ఉన్నాను, కూడిన ప్రతిసారీ వేరే జవాబు వస్తోంది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి అట్టని పొరపాటున కొడితే ఆ గుండుకి పాయింట్లేమీ రావని కూడా ఆయన చెప్పి ఉన్నారు. కాబట్టి ప్రతి గుండుకీ ముందు ఏడు అన్న అంకె నా ఎదురుగానే ఉందా అని మూడేసిసార్లు చూసుకుంటున్నాను. ఇరవై తొమ్మిది అయ్యేసరికి వీపంతా తడిసిపోయింది. ముప్పయ్యోది ఎత్తి పట్టుకున్నాను. పట్టుకుని, పట్టుకుని, కళ్ళముందు చుక్క రెండు చుక్కలైపోతుండగా నొక్కేశాను.

వెనక నుంచి సుబేదారుగారి గొంతు దూదిని తోసుకుని వచ్చింది. ముందు ఏదో అని, "...సాత్ నంబర్! సున్నా!"

ఆ క్షణం నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. సాత్ అంటే ఏడు, నా బల్లే. పక్క అట్టని కొట్టేశాను. అందరి ముందూ సున్నా అని చెప్పేశారు. హర్యానాలో పుట్టి, సైన్యంలో బతుకంతా గడిపిన మనిషి తెలుగులో సున్నా అని ఎందుకు అంటాడన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. భయపడినప్పుడు చెవికి అమ్మ దగ్గర నేర్చుకున్న భాషే వినిపిస్తుందేమో. మీట నొక్కి అట్టని రప్పించి చూసుకోవచ్చు కదా అంటారు మీరు. చూసే ధైర్యం ఎవరికుంది? నేర్పిన ప్రకారం పిస్టల్ మీట తెరిచి, కొస అట్టలవైపు ఉండేలా బల్ల మీద పెట్టాను. అదొక్కటీ మాత్రం మర్చిపోలేదు. వెనక్కి తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా, వసారాలోకి వచ్చేశాను.

అమ్మ అరుగు మీద నుంచి లేచింది. "అయిపోయిందా అప్పుడే?"

చెవుల్లో దూది పీకి పారేశాను. "పోయిందమ్మా. సున్నా వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"సుబేదారుగారే. సాత్ నంబర్, సున్నా అని అరిచారు. అందరూ విన్నారు."

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత ఆమె పెదాలు అదోలా కదిలాయి, నవ్వుతోందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. కూతురు నాశనమైపోయి వస్తే నవ్వుతోంది!

"ఓసి నీ మొహం మండా! సున్నా కాదే అది. వినమన్నాడు. హిందీలో సున్నా అంటే వినడం. ఏడో నంబరూ, ఇలా విను అన్నాడు!"

హిందీ పుస్తకంలో ఆ మాట నేను వందసార్లు చదివాను, పరీక్షలో రాశాను. ఎవరైనా అరిచి పిలవగా వినడం మాత్రం అదే మొదటిసారి.

"నేను ఇక్కడ చేరిన కొత్తలో ఒక ముసలాయన కొడుకు వచ్చి సిస్టర్, జరా సున్నా అన్నాడు. వాళ్ళ నాన్నకి ఒంటేలు రాలేదంటున్నాడేమో అనుకుని చార్టులో సున్నా వేసేశాను. డాక్టరు ఆ చార్టు పట్టుకుని వార్డంతా వినబడేలా తిట్టాడు. టైమెంతుంది నీకు?"

"తెలీదు."

"పద. లోపలికి పద!" అని వీపు మీద చెయ్యేసి తోసింది. ఆ తోపుకి గడపమీద పడబోయాను.

సుబేదారుగారు నా బల్ల పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. పిస్టల్‌ని పద్ధతిగా వదిలి వెళ్ళాను కాబట్టి మళ్ళీ నిలబడనిస్తానన్నారు, కానీ గడియారం ఆగదన్నారు. ఎనిమిది నిమిషాలున్నాయి. పది గుళ్ళు. "మైనే కహా థా, సున్నా. తూ భాగ్ హీ గయీ" అని వినమంటే పారిపోయినందుకు దెప్పి, గొంతు తగ్గించి, "సాఁస్ ఛోడ్ భీ దియా కర్, ఛోరీ" అన్నారు. ఊపిరి బిగబట్టడమే చేస్తున్నావు, వదలడం కూడా చెయ్యి అని. నేను నీలంగా మారుతుంటే చూసి, ఆ ఒక్క మాట చెప్పడానికే పిలిచారు. మీట నొక్కి ముప్పయ్యో గుండు అట్టని రప్పించాను. ఎనిమిది.

ఆ పది గుళ్ళూ ధీరోదాత్తంగా కొట్టానని రాయాలని ఉంది. కొట్టలేదు. పెల్లెట్లు వేళ్ళలోంచి రెండుసార్లు కింద పడ్డాయి. చెయ్యి వణికింది, వణకనిచ్చాను. ఊపిరి వదిలాను, ఒక్కోసారి మరీ ఎక్కువ వదిలేశాను. ఆఖరి గుండు కొట్టేసరికి ఇంకా అర నిమిషం ఉందన్నారు. అట్టలన్నీ బల్ల మీద పరిచి సుబేదారుగారు భూతద్దం పెట్టి లెక్క చూశారు. ముప్పై గుళ్ళకి రెండు వందల ఇరవై తొమ్మిది. చివరి పదికి అరవై తొమ్మిది. మొత్తం రెండు వందల తొంభై ఎనిమిది. రెండోసారి కూడా లెక్కపెట్టారు. ఆయనకీ నచ్చలేదని తెలుస్తోంది, కానీ తలుపు దగ్గర అంటించిన కాగితం వైపు చూసి ఊరుకున్నారు. నేను ఏడవకూడదనుకున్నాను, అక్కడే నిలబడి ఏడ్చేశాను.

అప్పుడు అమ్మ లోపలికి వచ్చింది. రావద్దన్న చోటికి, చెప్పులతో సహా. నా తరఫున దెబ్బలాడుతుందేమోనని భయపడ్డాను. దెబ్బలాడలేదు. "రూల్ హై తో రూల్ హై, భయ్యా. వో లిస్ట్ మే ఇస్కా నామ్ లిఖో" అంది, రూలంటే రూలే, ఆ లిస్టులో దీని పేరు రాయమని, వార్డులో పేషంటు బంధువులతో మాట్లాడే గొంతుతో. ఆయన లిస్టు అడుగున, పన్నెండో పేరుగా నా పేరు రాసుకున్నారు. స్పెల్లింగు తప్పు రాస్తే అమ్మ పెన్ను తీసుకుని దిద్దింది.

ఇప్పటి పిల్లలకి ఈ కథ చెబితే అర్థం కాదు. మా వీధిలో ఉండే మరో తెలుగువాళ్ళ అమ్మాయిని దింపడానికి ఈ మధ్య ఒక కొత్త రేంజికి వెళ్ళాను. ఏసీ హాలు. గుండు పడీపడగానే ఎదురుగా తెరమీద పాయింటు, దశాంశంతో సహా. బయట సోఫాల్లో కూర్చున్న తల్లులకి అదే అంకె ఫోన్లలో కనిపిస్తోంది. ఆడపిల్లలకీ మగపిల్లలతో సమానంగా అరవై గుళ్ళు. సున్నా వస్తే సున్నా అని కళ్ళెదుటే కనబడుతుంది, ఎవరూ అరవనక్కర్లేదు. ఆ అమ్మాయి నాతో హిందీలో, వాళ్ళమ్మతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. తెలుగు అర్థమవుతుందట. మంచి రోజులే, నాకు అసూయ లేదని చెప్పను. అయినా అట్ట దగ్గరికి వచ్చేదాకా ఊపిరాడక నిలబడే ఆ కొన్ని క్షణాలు ఆ పిల్ల ఎరగదు కదా అనిపించింది, వెంటనే ఎరగకపోవడమే మేలనీ అనిపించింది. నా పేరు ఏడు నెలలకి లిస్టులో పైకి వచ్చింది. మళ్ళీ చేరాను, తర్వాతి పోటీలో గట్టెక్కాను, నాలుగేళ్ళు ఆడాను. చెప్పుకోదగ్గ పతకాలేమీ రాలేదు. నర్సునీ కాలేదు, బడిలో లెక్కలు చెబుతూ ఇక్కడిదాకా వచ్చాను. చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ రోజు గురించి తలుచుకుంటే నాకు పిస్టలూ అట్టా పాయింట్లూ తర్వాత, ముందు తిరుగు బస్సు గుర్తొస్తుంది.

మధ్యాహ్నం ఎండ, సగం ఖాళీ బస్సు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయటికి చూస్తూనే, "పొద్దున నేను ఏమని ప్రార్థన చేశానో తెలుసా?" అంది.

"నాకు మూడు వందలు రావాలని."

"రాకూడదని. ఇది పోతే బుద్ధిగా నర్సింగుకి చదువుతావని."

కోపం రావలసింది. ఏడ్చి ఏడ్చి కోపానికి ఓపిక లేదు. "మరి నన్నెందుకు వెనక్కి తోశావు? అక్కడే కూర్చోబెట్టుకుని ఉంటే నువ్వడిగింది జరిగిపోయేదిగా?"

అమ్మ పర్సు జిప్పు తీసి, మళ్ళీ వేసింది. "చేతకాక ఓడిపోతే ఓడిపోయావు, దానికేముంది. మాట అర్థంకాక ఓడిపోకూడదే. అది నేను పడ్డాను. నువ్వు పడకూడదు."

చార్టులో వేసిన సున్నా గురించి కాదు ఆ మాట. ఆ గొంతును బట్టి అంతమాత్రం తెలిసింది నాకు. ఎక్కడ, ఎప్పుడు, ఏం పోగొట్టుకున్నావమ్మా అని అడగాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో మా స్టాపు వచ్చింది, అమ్మ లేచి నిలబడింది. తర్వాత అడగొచ్చులే అనుకుని ఆమె వెనకే దిగిపోయాను.